ఉత్తగనే వచ్చే రంది

“తమ్మీ, ఏం రంది పెట్టుకున్నవురా?”

ఆ ఎండాకాలం మా అమ్మ ఆ మాట అడగని పూట లేదు. గార్లలో మా ఇంటి అరుగు మీద మేనమామ గోడకు ఆనుకొని కూర్చునేవాడు. ముందు పెట్టిన పళ్లెంలో అన్నం ఎండిపోయేది. స్టేషన్‌లో ప్యాసింజర్ ఆగి కదిలిన చప్పుడు వినిపించినా తల తిప్పేవాడు కాదు. డోర్నకల్ వైపు పోయే బండేదో, కాజీపేట వైపు పోయే బండేదో, ఏది ఎంత లేటుగా నడుస్తోందో కూత విని చెప్పే మనిషి ఆయన. ఆ యేడు మిర్చి బాగా పండింది, ధర కూడా పలికింది. బిడ్డ పెళ్లి చేశాడు, పెళ్లి అప్పు తీర్చాడు. అమ్మ వేళ్ల మీద ఒక్కొక్కటే లెక్క పెట్టుకునేది. ఎక్కడా లోటు దొరకక మళ్లీ అడిగేది. ఆయన జవాబు ఎప్పుడూ ఒక్కటే.

“ఏం లేదక్కా. ఉత్తగనే.”

రంది మా ప్రాంతపు మాట. దిగులు, చింత, లోలోపల తొలిచే బాధ, అన్నీ అందులో ఉన్నాయి. అయితే రందికి ముందు ఎప్పుడూ ఒక పేరుండాలి. బిడ్డ రంది, పైసల రంది, పోయినోళ్ల రంది. పేరు లేని రందిని మేం ఎరగం. అందుకే మామ చెప్పిన ‘ఉత్తగనే’ని ఇంట్లో ఎవరమూ జవాబు కింద లెక్కకట్టలేదు. ఏదో దాస్తున్నాడన్నారు కొందరు. గాలి సోకిందన్నారు ఇంకొందరు. ఒక ఆసుపత్రిలో పరీక్షలన్నీ చేసి, అంతా మంచిగనే ఉంది, తిని తిరగమనండి అని పంపించారు.

ఆ ‘ఉత్తగనే’ని నిజమైన జవాబుగా తీసుకొని, దానికి విడిగా ఒక చోటు కేటాయించిన పుస్తకం చాలా ఏళ్ల తర్వాత నా చేతికి వచ్చింది. అది 1,100 ఏళ్ల కిందట రాసినది. అందులోని పనితనాన్ని దగ్గరగా చూపించాలనే ఈ వ్యాసం.

రాసినవాడు అబూ జైద్ అల్ బల్ఖీ. ఇవాళ అఫ్ఘానిస్తాన్‌లో ఉన్న బల్ఖ్ నగరం దగ్గరి పల్లెలో 850 ప్రాంతంలో పుట్టి 934లో చనిపోయాడు. తండ్రి బడిపంతులు. కొడుకు వయసులో ఉండగా హజ్ యాత్రికుల వెంట కాలినడకన ఇరాక్ వెళ్లి, ఎనిమిదేళ్లు అక్కడే ఉండి, అరబ్బు తత్వవేత్తల్లో మొదటివాడిగా పేరుపడ్డ అల్ కిందీ దగ్గర చదువుకున్నాడు. చరిత్రకారులకు ఆయన భూగోళవేత్తగా ఎక్కువ తెలుసు. ఇస్లామిక్ ప్రపంచపు పటాలు గీసిన తొలి తరం వాళ్లను బల్ఖీ సంప్రదాయం అనే అంటారు. ఆయన గురించి భూగోళ రచయిత ముకద్దసీ ఒక ముచ్చట చెప్పాడు. తన కొలువులోకి రమ్మని పాలకుడు బుఖారా నుంచి కబురు పెట్టాడట. బల్ఖీ బయల్దేరాడు. దారిలో ఆము దరియా అడ్డం వచ్చింది. ఆ వెడల్పూ ఆ వడీ చూసి అక్కడే ఆగిపోయి, నా వివేకం విని నన్ను పిలిచారు, ఈ నది దాటితే నాలో వివేకం లేనట్టే అని జవాబు రాసి వెనక్కి మళ్లాడట. భయం గురించి ఒక అధ్యాయమే రాసిన మనిషి గురించి ఈ ముచ్చట మిగలడం నాకు ముచ్చటగా ఉంటుంది. తన భయాన్ని ఆయన దాచుకోలేదు.

పుస్తకం పేరు ‘మసాలిహ్ అల్ అబ్దాన్ వల్ అన్‌ఫుస్’. అబ్దాన్ అంటే శరీరాలు. అన్‌ఫుస్ అంటే నఫ్స్‌లు. మసాలిహ్ అంటే మేలు చేసే సరుకులు, కావలసిన దినుసులు. ఆ మాటే పారశీకం, ఉర్దూల మీదుగా వచ్చి మన వంటింట్లో మసాలా అయింది. నఫ్స్‌ను ఆత్మ అని అనువదిస్తే మనకు వెంటనే ఉపనిషత్తుల ఆత్మ గుర్తొస్తుంది, చావూ పుట్టుకా లేనిది. బల్ఖీ చెప్పే నఫ్స్ అంత దూరాన ఉండదు. దానికి కోపం వస్తుంది, భయం వేస్తుంది, నిద్ర పట్టదు. ‘నా పానం మంచిగ లేదు’ అని మా దగ్గర అంటే ఆ పానంలో ఒంట్లో ఊపిరీ ఉంటుంది, మనసూ ఉంటుంది. నఫ్స్‌కు అదే దగ్గరి మాట.

పుస్తకంలో శరీరానికి 14 అధ్యాయాలు, నఫ్స్‌కు 8. రెండూ ఒకే గ్రంథంలో ఉండడమే ఆయన చేసిన మొదటి పని. శరీరమూ నఫ్సూ ఒకదానిలో ఒకటి అల్లుకున్నాయంటాడు. ఒంటికి జబ్బు చేస్తే తెలివి మొద్దుబారుతుంది. నఫ్స్ నలిగితే ఒంటికి తిండి రుచించదు, పోనుపోను ఒళ్లే జబ్బుపడుతుంది. మరి వైద్యులు సగమే ఎందుకు చూస్తున్నారు అని అడిగి, జవాబూ ఆయనే చెబుతాడు. ఇది తమ వృత్తిలోది కాదని వాళ్లు అనుకుంటారు; పథ్యాలూ మందులూ రక్తం తీయడాలే వాళ్లకు తెలిసిన పని. ఆ వెంటనే ఒక లెక్క చెబుతాడు. ఒంటి జబ్బు ఎరగకుండా ఏళ్లకేళ్లు బతికేవాళ్లు ఉన్నారు గానీ కోపమూ శోకమూ భయమూ తాకకుండా ఒక్క రోజు గడిపేవాడెవడు? అలాంటప్పుడు ఏ వైద్యం ఎక్కువ అవసరం? ఎదురు చెప్పడానికి చోటు లేకుండా, గొంతు పెంచకుండా, అందరికీ తెలిసినదాన్నే తెచ్చి ముందు పెట్టి వాదం గెలవడం ఆయన పద్ధతి.

మొదట నఫ్స్ ఆరోగ్యం ఎందుకు ముఖ్యమో, ఉన్న ఆరోగ్యాన్ని ఎలా కాపాడుకోవాలో, పోయినదాన్ని ఎలా తెచ్చుకోవాలో చెప్పి, ఆ తర్వాతే రోగాల పట్టికకు వస్తాడు. కోపం, భయం, శోకం, ఆగకుండా వచ్చిపడే పాడు ఆలోచనలు. ఈ నాలుగోదాన్ని వస్వాస్ అంటారు. ఇంటికి ముందు పునాదీ గోడలూ లేపి చివర పైకప్పు వేసినట్టు, ఆరోగ్యం గురించి చెప్పాకే అనారోగ్యం గురించి చెప్పడం చూడండి. రోగిని ముందుగా మనిషిలా చూడమని ఆ వరసే చెబుతుంది.

అన్నింటికంటే నన్ను పట్టుకున్నది ఏడో అధ్యాయం, శోకం మీదిది. శోకాన్ని ఆయన రెండుగా చీల్చాడు. ఒకటి, కారణం తెలిసినది. కావలసిన మనిషి పోవడం, ఆస్తి పోవడం, కోరుకున్నది చెయ్యి జారడం. రెండోది, కారణం తెలియనిది. ఏ దెబ్బా తగలకుండానే గుండె మీద బరువు వచ్చి కూర్చుంటుంది. మనిషి దేని మీదా ఇష్టం చూపించలేడు, దేనివల్లా సంతోషం పొందలేడు, ఎందుకని అడిగితే చెప్పలేడు. ఆ ‘చెప్పలేడు’ దగ్గర మేమంతా మామ మీద అనుమానపడ్డాం. బల్ఖీ మాత్రం అక్కడ మనిషిని వదిలి జబ్బును పట్టుకున్నాడు. చెప్పలేకపోవడం ఆ రకం శోకానికి గుర్తు అన్నాడు. దాని మూలం ఒంట్లో ఉంది, రక్తం శుద్ధి తప్పి మారిపోవడంలో ఉంది, కనుక ముందు ఒంటికి వైద్యం చెయ్యాలి అన్నాడు. దాంతోపాటు మంచి మాటలతో, తోడుతో, ఇష్టమైనవాటితో ఎంతోకొంత ఉల్లాసం తెప్పించాలన్నాడు.

రక్తం మాట ఇవాళ నిలవదు. ఒంట్లోని నాలుగు రసాల సిద్ధాంతాన్ని ఆధునిక వైద్యం ఎప్పుడో వదిలేసింది. నిలిచింది ఆ చీలిక. ఏదో జరిగితే వచ్చే కుంగుబాటుకూ, ఏమీ జరగకుండా లోపలి నుంచే వచ్చే కుంగుబాటుకూ తేడా ఉందని ఐరోపా మనోవైద్యులు 20వ శతాబ్దంలో చాలాకాలం చర్చించారు. ఆ సరిహద్దు అంత గట్టిది కాదని ఇప్పటి వైద్యులు అంటారు. రెండు రకాలూ ఒకే మనిషిలో కలవొచ్చు. అయినా ‘నీకు కారణం లేకపోయినా నీ బాధ నిజమే’ అని ఒక మనిషితో అనాలంటే ముందు ఎవరో ఒకరు ఈ గీత గీసి ఉండాలి. నాకు తెలిసినంతలో అంత శుభ్రంగా, అంత తక్కువ మాటల్లో గీసినవాడు ఈయనే.

చికిత్సను కూడా రెండు వైపుల నుంచి మొదలుపెట్టాడు. బయటి నుంచి వచ్చేది: ఇంకొకరి సలహా, ఓదార్పు, నచ్చజెప్పడం. లోపలి నుంచి వచ్చేది: మనిషి తనకు తాను చెప్పుకొనే మాట. ఈ లోపలి మాటను బాధ వచ్చాక వెతుక్కోవద్దంటాడు. ఇంట్లో అవసరానికి మందులు తెచ్చి పెట్టుకుంటామే, అలాగే మనసు నిమ్మళంగా ఉన్న రోజునే మేలైన ఆలోచనలు కొన్ని కూడబెట్టుకొని ఉంచుకో, తుఫాను వచ్చినప్పుడు తీసి వాడుకో అంటాడు. ఇది చదువుతుంటే మా అమ్మ తగరపు డబ్బా కళ్ల ముందుకొచ్చింది. తెలంగాణలో ఏ ఇంటి డబ్బా తీసినా ఉండే జిందా తిలిస్మాత్ సీసా, జండూబామ్, శొంఠి కొమ్ము, దూది. జలుబు చేశాక కొట్టుకు పరుగెత్తే ఇల్లు కాదు మాది. ఆలోచనలను కూడా అలా డబ్బాలో వేసి ఉంచొచ్చని మాకెవరూ చెప్పలేదు. ఇవాళ ఆలోచనా సరళి మార్చే చికిత్సలో నిపుణులు రోగి చేత కాగితం మీద రాయించేది దాదాపు ఇదే.

ఈ పుస్తకం బతికి ఉండడమే ఒక భాగ్యం. ఇస్తాంబుల్‌లోని అయాసోఫియా సేకరణలో 3741 నంబరు రాతప్రతిగా ఉండిపోయింది. 1984లో ఫువాత్ సెజ్గిన్ ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి దాని ఛాయాప్రతి అచ్చువేశాడు. సుడాన్ మనస్తత్వ శాస్త్రవేత్త మాలిక్ బద్రీ నఫ్స్ భాగాన్ని ఇంగ్లీషు చేసి 2013లో తెచ్చాడు. నేను చదివింది అదే. 2015లో రానియా అవ్వాద్, సారా అలీ అనే ఇద్దరు పరిశోధకులు వస్వాస్ అధ్యాయాన్ని ఇప్పటి వైద్యులు వాడే రోగనిర్ధారణ సూత్రాల పక్కన పెట్టి, ఎంత దగ్గరగా ఉందో వరసగా చూపించారు.

బల్ఖీ పోయిన 46 ఏళ్లకు, 980లో బుఖారా పక్కన వైద్యుడు, తత్వవేత్త ఇబ్న్ సీనా పుట్టాడు. ఆయన వేరే రకం పనివాడు. బల్ఖీ ఊరి పెద్దలా మాట్లాడితే, ఇబ్న్ సీనా కమ్మరి కొలిమి దగ్గర కూర్చున్నట్టు ఒక్కో శక్తినీ విడదీసి, వేడిచేసి, సాగగొట్టి చూస్తాడు. ‘షిఫా’ అనే మహాగ్రంథంలో నఫ్స్ భాగం తెరిస్తే పడే వాన చినుకు మనకు గీతలా ఎందుకు కనబడుతుందనే ప్రశ్న వస్తుంది. కన్ను ఒక్కో క్షణం ఒక్కో చుక్కనే చూస్తుంది. అవన్నీ కలిపి గీతగా పట్టుకునేది లోపల ఇంకొకటి ఉండాలి అంటాడు. గొర్రె తోడేలును చూస్తుంది. రంగూ రూపూ కన్ను చూసింది సరే, పగను ఏది చూసింది? దానికీ ఒక లోపలి శక్తిని చూపించి వహమ్ అని పేరు పెట్టాడు. అరబ్బీ వహమ్ అంటే ఉన్నదాన్నీ లేనిదాన్నీ ఊహించి నమ్మించే శక్తి. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ‘వహమ్’ ఇప్పటికీ రోజూ వినబడే మాటే.

నాకు మాత్రం ఆయన చెప్పిన పలక దగ్గర అడుగు ముందుకు పడదు. నేల మీద పడి ఉన్న పలక మీద మనిషి చకచకా నడుస్తాడు. అదే పలకను లోతైన గుంత మీద వంతెనగా వేస్తే నడవలేడు, నడిస్తే పడతాడు. పలక మారలేదు, కాలు మారలేదు. పడిపోవడం అనే బొమ్మ నఫ్స్‌లో గట్టిగా ముద్రపడి, ఒళ్లు ఆ బొమ్మకే లోబడింది. గార్ల దగ్గర పాకాల వాగు దాటినవాడికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. చిన్నప్పుడు పంట కాలవ మీద తాటి మొద్దు వేసి ఉండేది. అదే మొద్దు ఒడ్డున పడి ఉన్న రోజుల్లో దాని మీద ఒంటికాలితో గెంతేవాళ్లం. కాలవ మీదికి ఎక్కించాక మామ చెయ్యి పట్టుకుంటే గానీ కాలు లేచేది కాదు. ఇబ్న్ సీనా చేసినదల్లా ఆ వణుకును తప్పనకుండా, పిరికితనం అనకుండా, ఊహ ఒంటిని ఎలా నడిపిస్తుందో చూపించే సాక్ష్యంగా వాడుకోవడం. నయమవుతుందనే నమ్మకం గట్టిగా నాటుకున్న రోగి కోలుకోవడమూ, జబ్బు చేసిందనుకున్న ఆరోగ్యవంతుడు మంచాన పడడమూ ఆ పక్కనే చెబుతాడు.

ఆయన వైద్యం గురించి ‘చహార్ మఖాలా’ రాసిన నిజామీ అరూజీ ఒక కథ చెప్పాడు. బువైహిద్ వంశపు యువరాజు ఒకడు తాను ఆవునని నమ్మి, నన్ను కోసి వండండని రంకెలు వేస్తూ తిండి మానేశాడట. ఇబ్న్ సీనా కసాయి వేషంలో కత్తి పట్టుకొని వచ్చి, కాళ్లూ చేతులూ కట్టించి, పక్కటెముకలు తడిమి చూసి, ఇది బక్కచిక్కింది, ముందు బాగా మేపండి అని వెళ్లిపోయాడట. ఆ ఆశతో యువరాజు తినసాగాడు, తిండితోపాటు మందులూ లోపలికి పోయాయి, నెలరోజుల్లో మనిషయ్యాడు. కథలో నిజమెంతో పక్కన పెడితే, అందులో ఒక గొప్ప ఓపిక ఉంది. నువ్వు ఆవువు కాదు అని ఆయన ఒక్కసారి కూడా వాదించలేదు. రోగి ఎక్కడ నిలబడ్డాడో అక్కడికే వెళ్లి చెయ్యి అందించాడు. మా ఇంట్లో మేం చేసింది దీనికి సరిగ్గా ఎదురు. నీకేం తక్కువ అని లెక్కలు చెప్పి, ఆయన ఇంకా లోపలికి ముడుచుకుపోయేలా చేశాం.

మతపండితుడు గజాలీ దగ్గరికి వచ్చేసరికి రచయితే రోగి. 1095లో బగ్దాద్‌లోని నిజామియా విద్యాలయంలో పెద్ద ఆచార్యుడిగా ఉండగా ఆయన నాలుక మడతపడింది. పాఠం చెప్పబోతే మాట రాదు. తరవాత ముద్ద దిగలేదు, గుక్కెడు నీళ్లు దిగలేదు. ఇది గుండెలో మొదలై ఒంటికి పాకింది, లోపలి గుబులు తీరితే తప్ప మా మందులు పనిచేయవు అని వైద్యులు చేతులెత్తేశారు. ఇదంతా ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నాడు. కొలువు వదిలి, ఊరు వదిలి, ఏళ్లు తిరిగి, ‘ఇహ్యా’ అనే గ్రంథం రాశాడు. అందులో 21వ పుస్తకం ఖల్బ్ వింతల గురించి. మొదటే నాలుగు మాటలు ముందు పెడతాడు: ఖల్బ్ (హృదయం), రూహ్ (ప్రాణం), నఫ్స్, అఖ్ల్ (బుద్ధి). ఒక్కోదానికి రెండేసి అర్థాలు. ఖల్బ్ అంటే ఎడమ రొమ్ము కింది మాంసపు ముద్ద, అది పశువుకూ ఉంది, శవానికీ ఉంది. ఖల్బ్ అంటే మనిషిలో తెలుసుకునేది, బాధ్యత మోసేది కూడా. ఒకే మాట రెండు పనులు చేస్తున్నప్పుడు ఆ రెండింటినీ విడదీయకుండా ముందుకు కదలకూడదనే పట్టుదల అక్కడ చూస్తాం. ‘గుండె బాగాలేదు’ అన్న మనిషికి ఈసీజీ తీసి పంపించే ఊళ్లో ఆ పట్టుదల విలువ తెలుస్తుంది.

అక్కడే ఆయన ఒక చెరువును తవ్వాడు. చెరువులోకి నీళ్లు రెండు దారుల్లో వస్తాయి. పైన కాలవల గుండా పారి రావొచ్చు. లేదా కాలవలు మూసి, అడుగు తవ్వి, మట్టి ఎత్తిపోస్తే ఊట పైకి రావొచ్చు. ఆ నీరే ఎక్కువ తేట, ఎక్కువ కాలం నిలుస్తుంది. కాలవలు అయిదు ఇంద్రియాలు, చెరువు ఖల్బ్, నీళ్లు జ్ఞానం. గజాలీ 1111లో పోయాడు. దాదాపు 100 ఏళ్ల తర్వాత మా పక్కనే బయ్యారంలో గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ పెద్ద చెరువు తవ్వించి శాసనం వేయించింది. ఆ చెరువు నీళ్లు తాగిన నేల మీద పుట్టినవాళ్లకు పూడిక అంటే తెలుసు. ఏటా వచ్చే నీళ్లే ఒండ్రు తెచ్చి చెరువును మింగుతాయని తెలుసు. గజాలీ ఉపమానం అందుకే మాకు పుస్తకంలోదిలా అనిపించదు.

ఇక్కడ ఆయనతో నాకు ఒక పేచీ ఉంది. కాలవలు మూసి ఏకాంతంలో కూర్చోవడం ఆరోగ్యంగా ఉన్న సాధకుడి పని. కుంగిపోయినవాడి కాలవలు ముందే మూతపడి ఉంటాయి. అరుగు మీద కూర్చున్న మామకు ఏకాంతం తక్కువై కాదు. వస్వాస్ పట్టినవాడిని ఒంటరిగా వదలొద్దు, తోడు ఇవ్వండి, పని ఇవ్వండి అన్న బల్ఖీయే నాకు ఇక్కడ నమ్మకస్తుడు. గజాలీది గొప్ప చెరువు. దాన్ని అందరికీ మందులా పోయకూడదు.

ఇవన్నీ ఎక్కడో దూరదేశపు సంగతులని అనుకోనక్కర్లేదు. ఇలాంటి గ్రంథాల్లో చాలా వాటిని ప్రపంచానికి అచ్చులో ఇచ్చింది మన హైదరాబాదు. 1888లో మొదలై, తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో స్థిరపడ్డ దాయిరతుల్ మఆరిఫ్ అనే ప్రచురణ సంస్థ పని అది. ఇబ్న్ సీనా చిన్న గ్రంథాలు, ఫారాబీ చిన్న గ్రంథాలు, ఆత్మ గురించి ఇబ్న్ ఖయ్యిమ్ రాసిన ‘కితాబ్ అర్ రూహ్’ ఇక్కడ అచ్చయ్యాయి. 1938, 39 ప్రాంతంలో అబుల్ బరకాత్ బగ్దాదీ ‘ముఅతబర్’ మూడు సంపుటాలుగా వచ్చింది. చూసేదీ, కోపపడేదీ, గుర్తుంచుకునేదీ వేరువేరు శక్తులు కావు, అన్నింటిలో ఉన్నది ఒకే ‘నేను’, ఎవరిని వాళ్లు అడిగి చూసుకోండి అని ఇబ్న్ సీనాతో తగవు పెట్టుకున్న పుస్తకం అది. 1955 నుంచి అబూ బక్ర్ రాజీ వైద్య సర్వస్వం ‘అల్ హావీ’ని అచ్చువేయడం మొదలుపెట్టి 23 సంపుటాలు తెచ్చారు. మొదటి సంపుటమే తల జబ్బులతో మొదలవుతుంది; మెలంఖోలియా, అంటే దిగులు జబ్బు, అందులోనే ఉంది.

ఆ పుటలను ఒకసారి దగ్గరగా చూడాలి. పైన సీసపు అక్షరాల మూలం, కింద సన్న గీత, గీత కింద పాఠాంతరాలు. ఈ ప్రతిలో ఇలా ఉంది, ఆ ప్రతిలో అలా ఉంది అని ఒక్కో మాటకూ లెక్క. అర్థం కుదరని చోట పండితుడు తనకు తోచింది దూర్చలేదు. ‘కజా’ అని చిన్న మాట వేశాడు, మూలంలో ఇట్లాగే ఉంది అని. రాతప్రతిలో చెరిగిపోయిన చోట ‘బయాజ్’ అని రాశాడు, ఇక్కడ ఖాళీ ఉంది అని. ఆ రెండు మాటల ముందు నేను చాలాసేపు ఆగాను. తెలియని చోట కారణం కల్పించకుండా ఖాళీని ఖాళీగా అచ్చువేయడానికి ఎంత నిగ్రహం కావాలి! మామ చెప్పిన ‘ఉత్తగనే’ కూడా ఒక బయాజే. మేం దాన్ని ఊరుకోనివ్వలేదు, అందులో మాకు తోచినదల్లా రాసేశాం.

1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియాలో తత్వశాస్త్రం చెప్పిన ఖలీఫా అబ్దుల్ హకీమ్, మీర్ వలీఉద్దీన్‌లు ఈ చింతననే ఆధునిక విద్యార్థికి అందించారు. ఆత్మ శరీరంగా మొదలై పోనుపోను శరీరాన్ని మించి ఎదుగుతుందని చెప్పిన ముల్లా సద్రా గ్రంథం ఉర్దూలోకి వచ్చిందీ ఇక్కడే. తెలుగులో పిఠాపురం ఉమర్ అలీషా వంటి ఒకరిద్దరి కృషి తప్ప ఈ తలుపు పెద్దగా తెరుచుకోలేదు. పక్కనే చెరువున్నా బిందె తీసుకుపోనట్టుంది మన సంగతి.

మళ్లీ మామ సంగతికి వస్తే, ఆసుపత్రి తర్వాత ఆయన్ని ముందు తీసుకుపోయింది అన్నారం. పర్వతగిరి మండలంలోని అన్నారం షరీఫ్ యాకూబ్ షావలి దర్గా మా వైపు ఎవరి నోట విన్నా ‘యాకూబ్ బాబా’యే. యాకయ్యలు, యాకమ్మలు, యాకూబ్ రెడ్లు మా ఊళ్ల నిండా ఉన్నారంటే ఆ పేరు చలవే. హిందువులూ ముస్లింలూ మొక్కు విందులైన కందూర్లు చేస్తారు. గాలి సోకిందని, మనసు చెదిరిందని మనుషులను తెచ్చి అక్కడ కూర్చోబెడతారు. మామ శుక్రవారం పొద్దున్నుంచి చీకటి పడేదాకా సమాధి వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎవరూ ఆయన్ని ఏం రంది అని అడగలేదు. అమ్మ పక్కన కూర్చొని చెయ్యి పట్టుకుంది. ఆ సాయంత్రం ఆయన రెండు ముద్దలు తిన్నాడు. దాన్ని నేను తక్కువ చేసి చెప్పను. నయం కాలేదు గానీ, నెల రోజుల్లో మొదటిసారి ఆ మనిషి నలుగురిలో కూర్చున్నాడు.

దర్గా పేరు చెప్పి జరిగిన ఘోరాలూ మరవకూడదు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో దర్గా పక్కన ఒక ప్రైవేటు ఆశ్రమపు తాటాకు కొట్టంలో మంటలు లేచి, గొలుసులతో కట్టేసిన 28 మంది తప్పించుకోలేక కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఏ రూపంలోనూ మనిషిని గొలుసుతో కట్టకూడదని చెప్పింది. 1,100 ఏళ్ల కిందట బల్ఖీ రాసిన చికిత్సలో సలహా ఉంది, తోడు ఉంది, మందు ఉంది, మెల్లమెల్లగా భయాన్ని అలవాటు చేయడం ఉంది. గొలుసుల కొట్టాన్ని ఆ సంప్రదాయం పేరు చెప్పి నడిపినవాళ్లు ఆ సంప్రదాయాన్ని చదవనివాళ్లు.

ఇవతల వైద్యం వైపు కూడా వెలితి పెద్దదే. నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో జరిపిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మంది అప్పటికి ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారని తేలింది. రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యమే అందడం లేదు. ఆ 12లో తెలంగాణ లేదు గానీ, గార్లలో కూర్చొని ఆ అంకెను నమ్మడం కష్టం కాదు. మామ రోజుల్లో మాది ఖమ్మం జిల్లా. 2016లో మహబూబాబాద్ జిల్లా అయింది, 2022లో అక్కడ వైద్య కళాశాల వచ్చింది, అదే ఏడు అక్టోబరులో 14416 అనే టెలీ మానస్ మానసిక సహాయ నంబరు మొదలైంది. తెలుగులోనే మాట్లాడొచ్చు. అప్పుడు ఇవేవీ లేవు. అన్నారం నుంచి వచ్చిన మూడో వారం వరంగల్‌లో ఒక మనోవైద్యుడి దగ్గరికి తీసుకుపోయాం. ఆయన మామను అడిగిన మొదటి మాట, నిద్ర పడుతోందా అని. కారణం అడగలేదు. ఉత్తగనే సార్ అని మామే చెప్పాడు. ఆయన తలూపి, అట్ల కూడా వస్తది అన్నాడు.

ఆ తర్వాత అమ్మ తగరపు డబ్బాలో జిందా తిలిస్మాత్ సీసా పక్కన రెండు కొత్త వస్తువులు చేరాయి. అన్నారం ఊదు పొట్లం ఒకటి, రాత్రి వేసుకునే మాత్రల పట్టీ ఒకటి. మాత్రలు అమ్మే లెక్కపెట్టి ఇచ్చేది. నాలుగైదు వారాలు ఏ మార్పూ కనబడలేదు. తిట్టుకుంటూనే ఇచ్చింది. ఏం రంది అని అడగడం మాత్రం మానేసింది. వానలు మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం పళ్లెం ముందు పెట్టి వేరే మాట అడిగింది.

“తమ్మీ, ఇయ్యాల ఎట్లున్నదిరా?”

మామ ముద్ద కలుపుతూ ఆగాడు. దూరంగా కూత వినబడింది.

“డోర్నకల్ బండి. ఇర్వై నిమిషాలు లేటక్కా,” అన్నాడు.